మాట్లాడే చేతితొడుగు: ఒక ఖండన

సంజ్ఞా భాషలో కదిలే చేతిని మాటగా మార్చి స్పీకరులో వినిపించే యంత్రం బధిరులకు గొంతునిస్తుందనే అభిప్రాయం ఇవాళ తెలుగునాట ఎవరూ ప్రశ్నించని మంచిమాటగా చలామణి అవుతున్నది. ఇంజనీరింగు కళాశాలల చివరి సంవత్సరపు ప్రాజెక్టుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. సైన్సు ప్రదర్శనల్లో దీనికి బహుమతులు వస్తాయి. మూగవారికి మాట వచ్చిందనే తరహా శీర్షికతో జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. ఈ అభిప్రాయం వెనుక ఉన్న సానుభూతి నిజమైనదే గానీ అభిప్రాయం మాత్రం మొదటి మెట్టులోనే తప్పింది. బధిరులకు భాష లేదని, ఉన్నా అది వినేవారి చెవికి చేరితే తప్ప భాష అనిపించుకోదని అది ముందే తీర్మానించుకొని, ఆ తీర్మానానికి తగిన పనిముట్టును తయారుచేస్తున్నది. కర్నూలు జిల్లా పడమటి కొసన దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు వంటి చోట్ల ఒక బధిర శిశువు ఎదిగే తీరును ఎదురుగా పెట్టుకొని చూస్తే ఈ పొరపాటు ఎంత లోతైనదో, దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో తెలుస్తుంది.

ముందుగా యంత్రం పనిచేసే తీరు చూడాలి. సాధారణ నమూనాలో ఒక గుడ్డ తొడుగుకు, ఐదు వేళ్ల మీద ఐదు ఫ్లెక్స్ సెన్సర్లు కుడతారు. ఫ్లెక్స్ సెన్సరంటే వంచినకొద్దీ విద్యుత్ నిరోధం పెరిగే సన్నని పట్టీ. వేలు ముడిచినప్పుడు కలిగే ఆ మార్పును ఆర్డునో అనే చిన్న సర్క్యూట్ బోర్డు 0 నుంచి 1023 వరకు ఉండే ఒక అంకెగా చదువుతుంది. చేయి ఏ వైపు వాలిందో, ఎంత విసురుగా కదిలిందో చెప్పడానికి యాక్సిలరోమీటర్ అనే మరో సెన్సరును జతచేస్తారు. ఏ అంకెల కూర్పు వస్తే ఏ వాక్యం పలకాలో ముందే నిర్ణయించి, ఆ వాక్యాలను ఒక వాయిస్ మాడ్యూలులో రికార్డు చేసి ఉంచుతారు. ఒక వేలు ముడిస్తే 'నీళ్లు కావాలి', రెండు ముడిస్తే 'అన్నం కావాలి', మూడు ముడిస్తే 'మందులు కావాలి', పిడికిలి బిగిస్తే 'సహాయం చేయండి' అని తొడుగు పలుకుతుంది.

ఈ నాలుగు వాక్యాల దగ్గర కాస్త ఆగడం అవసరం. వీటిలో ఏ ఒక్కటీ సంజ్ఞా భాష కాదు. తయారుచేసినవారు తమ సౌకర్యం కోసం కల్పించుకున్న గుర్తులివి. బధిరుడు తన భాషను పక్కన పెట్టి ఈ గుర్తులను కొత్తగా నేర్చుకోవాలి, అంటే యంత్రం అతని భాషను నేర్చుకోలేదు, అతనే యంత్రం భాషను నేర్చుకున్నాడు. అంతకన్నా బాధ కలిగించేది ఆ వాక్యాల ఎంపిక. ఆకలి, దాహం, జబ్బు, సాయం: బధిరుడికి లోకంతో ఉండే వ్యవహారమంతా ఇంతేనని ఆ జాబితా చెబుతున్నది. కూలి తక్కువ కట్టారని మేస్త్రీని నిలదీయడం, అప్పు పత్రంలో వడ్డీ ఎంత రాశారని అడగడం, కుదిర్చిన సంబంధం వద్దనడం, పక్కింటి సంగతులు చెప్పుకొని నవ్వుకోవడం ఆ తొడుగులో ఎక్కడా లేవు. మనిషిని యాచించే చేయిగా మాత్రమే ఊహించిన పరికరాన్ని ఆ మనిషికి విముక్తిగా చూపడం న్యాయం కాదు.

ఖరీదైన నమూనాలు ఇంతకన్నా మెరుగని సమర్థకులు అంటారు. వాటిలో తొడుగుకు బదులు కెమెరా ఉంటుంది. గూగుల్ సంస్థ ఉచితంగా ఇచ్చిన మీడియాపైప్ వంటి సాఫ్ట్‌వేర్ ఒక్కో చేతి మీద 21 బిందువులను గుర్తించి, ఆ బిందువుల కదలికను కృత్రిమ మేధకు అందిస్తుంది. పనితనంలో ఇది తొడుగు కన్నా చాలా ముందడుగే. అయినా భాష చేతిలో ఉంటుందనే నమ్మకం చాలా ప్రాజెక్టుల్లో అలాగే కొనసాగుతున్నది, అసలు పొరపాటు అక్కడే ఉన్నది.

అమెరికాలోని గాలడెట్ కళాశాలలో పనిచేసిన విలియం స్టోకీ 1960లో ప్రచురించిన అధ్యయనంతో సంజ్ఞా భాషలకు తమవైన నిర్మాణం ఉన్నదని భాషాశాస్త్రం అంగీకరించడం మొదలుపెట్టింది. మాటల భాషలో ధ్వనులు కలిసి పదమైనట్టే సంజ్ఞా భాషలో చేతి ఆకారం, అది శరీరం మీద లేదా శరీరం ముందు నిలిచే చోటు, అది కదిలే తీరు కలిసి ఒక సంకేతమవుతాయి. అరచేయి ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో, ముఖం ఏమి చేస్తున్నదో కూడా అర్థంలో భాగమేనని తరువాతి పరిశోధకులు చేర్చారు. భారతీయ సంజ్ఞా భాషలో చూపుడు వేలిని ముక్కుపుడక ఉండే చోట ఆనిస్తే స్త్రీ అని అర్థం. అదే వేలిని తన ఛాతీకి చూపితే 'నేను'. ఎదుటివారి వైపు చూపితే 'నువ్వు'. మూడింటిలోనూ చూపుడు వేలు చాచి, తక్కిన వేళ్లు ముడిచి ఉంటాయి కాబట్టి వేళ్ల వంపును కొలిచే తొడుగుకు ఈ మూడూ ఒకటే. యాక్సిలరోమీటర్ చేయి వాలును చెప్పగలదు గానీ ఆ వేలు ముక్కుకు ఆనిందో చెవికి ఆనిందో చెప్పలేదు.

ముఖం సంగతి ఇంకా పెద్దది. 'నువ్వు', 'భోజనం', 'అయింది' అనే మూడు సంకేతాలను మామూలు ముఖంతో చూపితే నువ్వు తిన్నావని చెప్పినట్టు. కళ్లు విప్పార్చి, తలను కొద్దిగా ముందుకు వంచి చూపితే తిన్నావా అని అడిగినట్టు. చేతులు రెండుసార్లూ ఒకే పని చేశాయి, వాక్యం మాత్రం మారిపోయింది. సంజ్ఞా భాషకు చోటు కూడా వ్యాకరణమే: ఒకసారి కుడివైపు అత్తను, ఎడమవైపు కోడలిని నిలిపి చూపిన తరువాత 'ఇవ్వడం' అనే సంకేతం కుడి నుంచి ఎడమకు సాగితే అత్త ఇచ్చింది, ఎడమ నుంచి కుడికి సాగితే కోడలు ఇచ్చింది. తెలుగులో కర్తకూ సంప్రదానానికీ విభక్తులు చేసే పనిని అక్కడ గాలిలో గీసిన దారి చేస్తున్నది.

ఈ సీమ పశువుల సంతలు ఎరిగినవారికి ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. దళారీ, కొనేవాడు చేతుల మీద తువాలు కప్పుకొని, ఒకరి వేళ్లు మరొకరు పట్టుకొని, చుట్టూ ఉన్నవారికి తెలియకుండా ఎద్దుల ధర తేల్చుకునే పద్ధతి తరతరాలుగా ఉన్నది. ఎన్ని వేళ్లు పట్టుకున్నారన్నదే అక్కడ లెక్క; ముఖం, చోటు, కదలిక అవసరం లేదు, పైగా ముఖంలో ఏదీ తెలియనీయకుండా ఉండటమే ఆ బేరంలోని నేర్పు. ఫ్లెక్స్ సెన్సర్ల తొడుగు ఆ బేరాన్ని బాగానే చదవగలదు, ఎందుకంటే అది అంకెల గుర్తు మాత్రమే. ఆ తొడుగునే సంజ్ఞా భాషకు తొడిగి అనువాదం జరిగిందనడం, తువాలు కింది బేరాన్ని విని ఇద్దరు మనుషుల సంభాషణంతా విన్నామనడం వంటిది.

తొడుగు కథ కొత్తది కూడా కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ క్రేమర్, లారీ లీఫర్ 1980ల చివరలోనే మాట్లాడే తొడుగు రూపొందించారు. 2001లో కొలరాడోకు చెందిన హైస్కూలు విద్యార్థి ర్యాన్ ప్యాటర్సన్ తొడుగుకు జాతీయస్థాయి బహుమతి వచ్చింది. 2012లో ఉక్రెయిన్ విద్యార్థుల 'ఎనేబుల్‌టాక్' మైక్రోసాఫ్ట్ ఇమాజిన్ కప్ గెలిచింది. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరి 'సైన్‌అలౌడ్' 10,000 డాలర్ల లెమెల్‌సన్-ఎంఐటీ బహుమతి అందుకున్నది. ఈ చివరి బహుమతి తరువాత అదే విశ్వవిద్యాలయంలో అమెరికన్ సంజ్ఞా భాషను బోధించేవారు, భాషాశాస్త్రవేత్తలు కలిసి బహిరంగ లేఖ రాసి, ఆ పరికరం ఆ భాషను అనువదించడం లేదని, బధిరులను అడగకుండానే బధిరుల కోసం తయారైందని వివరించారు. మూడు దశాబ్దాలకు పైగా బహుమతులు గెలుస్తూ వచ్చిన పరికరం బధిరుల నిత్యజీవితంలోకి రాలేదంటే, లోపం సెన్సర్ల ధరలో లేదు, ఊహలోనే ఉన్నది.

2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖ ప్రకటించిన తొడుగును సమర్థకులు గట్టి సాక్ష్యంగా చూపుతారు. అది 660 సంకేత నమూనాలను 98.63 శాతం వరకు కచ్చితత్వంతో గుర్తించిందన్నది నిజమే. కానీ పరీక్షలో పాల్గొన్నది నలుగురు. ఒక్కో సంకేతాన్ని వారు 15 సార్లు చేసి చూపారు. ముఖం లేకుండా పని జరగదని ఆ పరిశోధకులకే తెలిసింది కాబట్టి కనుబొమల మధ్య, పెదవి పక్కన కూడా సెన్సర్లు అంటించారు. బజారుకు వెళ్లే మనిషి రెండు చేతులకు తొడుగులు వేసుకొని, నుదుటికి, బుగ్గకు పట్టీలు అంటించుకొని బయలుదేరాలని దీని అర్థం. ఆ శాతాన్ని కూడా సంకేతానికొకటి చొప్పున కాక వాక్యానికి లెక్కిస్తే వేరే చిత్రం వస్తుంది: విడిగా ఒక్కో సంకేతం 98.63 శాతం సరిగా వచ్చే యంత్రం పది సంకేతాల వాక్యాన్ని తప్పులేకుండా పలికే అవకాశం సుమారు 87 శాతమే. నూటికి పదమూడు వాక్యాల్లో ఏదో ఒక మాట తప్పుతుంది, ఆ తప్పింది 'నొప్పి ఎడమ వైపు' అన్న చోటైతే దాని ఫలితం రోగి అనుభవిస్తుంది.

భారతీయ సంజ్ఞా భాష విషయంలో పరిస్థితి ఇంకా వెనుకబడి ఉన్నది. యంత్రానికి నేర్పడానికి ముందుగా పోగుచేసే వీడియోల రాశిని డేటాసెట్ అంటారు. ఐఐటీ మద్రాసు పరిశోధకులు 2020లో విడుదల చేసిన 'ఇన్‌క్లూడ్' డేటాసెట్‌లో 263 సంకేతాలకు 4,287 వీడియోలు ఉన్నాయి. శ్రద్ధగా చేసిన పని అది, ప్రశంసించదగినది. అయితే న్యూఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 ఫిబ్రవరిలో విడుదల చేసిన నిఘంటువు మూడో ముద్రణలో పదివేల పదాలున్నాయి. విడివిడి సంకేతాలను గుర్తించడం వేరు, ఆగకుండా సాగే సంకేతాల ధారలో ఒకటి ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో తెలుసుకొని వాక్యంగా అనువదించడం వేరు. 263 పదాలు వచ్చినవారిని ఏ భాషలోనూ దుబాసీగా ఎవరూ నియమించరు.

ఈ చర్చలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన చిక్కు ఒకటున్నది, ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకొని తయారైన యంత్రాల గురించి చదివినప్పుడు అది కనబడదు. సంజ్ఞా భాషలో ఒక మనిషిని సూచించడానికి వేలు చూపితే చాలు. ఆ సూచనలో ఆడా మగా తేడా లేదు, గౌరవపు మెట్లు ఉంటే అవి ముఖంలో, ఒంటి వాలులో ఉంటాయి. తెలుగు క్రియ అలా ఊరుకోదు: వచ్చాడు, వచ్చింది, వచ్చారు అనే మూడింటిలో ఒకటి ఎంచుకోకుండా వాక్యం ముగియదు, నువ్వు, మీరు అనే రెండింటిలో ఒకటి తేల్చుకోకుండా మొదలే కాదు. ఆ ఎంపికను తొడుగు తనకు తానే చేయాలి. ఎమ్మిగనూరులో ఒక బధిర మహిళ బ్యాంకు మేనేజరుతోనో, ఊళ్లో పెద్దాయనతోనో మాట్లాడుతుండగా స్పీకరు 'నువ్వు రా' అని పలికితే, ఆమె చూపిన మర్యాద ఎవరికీ కనబడదు, ఆమె చేయని అమర్యాద అందరికీ వినబడుతుంది. తన నోట ఏ మాట వెలువడిందో వినే వీలు ఆమెకు లేదు కాబట్టి దిద్దుకోనూ లేదు. ఆదోని బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ నడుస్తాయని, వినేవారిని బట్టి అంగడివాళ్లు క్షణంలో ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంటారని గుర్తుంచుకుంటే, ముందే రికార్డు చేసిన ఒక గొంతు ఆ బజారులో ఎంత పరాయిగా ఉంటుందో తెలుస్తుంది.

ఇంతకన్నా మౌలికమైన లోపం ఏమిటంటే తొడుగు ఒకవైపే నడుస్తుంది. దేవనకొండ ఆసుపత్రికి ఒక బధిర గర్భిణి వచ్చిందని, తొడుగు 'కడుపు నొప్పి' అని సరిగ్గానే పలికిందని అనుకోవచ్చు. నొప్పి ఎప్పటి నుంచి, ఎన్నో నెల, బిడ్డ కదలిక తెలుస్తున్నదా, రక్తం పోయిందా, మొదటి కాన్పు ఎలా జరిగింది అని వైద్యురాలు తెలుగులో అడుగుతుంది. ఆ ప్రశ్నల్లో ఒక్కదాన్నీ తొడుగు ఆమెకు చేర్చదు. వైద్యురాలికి మాత్రం రోగి చెప్పింది విన్నాననే తృప్తి కలుగుతుంది, ఆ తృప్తి తొడుగు లేనప్పటి అయోమయం కన్నా ప్రమాదకరం. వినగలిగే వ్యక్తి తన అలవాట్లలో ఏదీ మార్చుకోనక్కర లేకుండా, సమస్త భారాన్నీ వినలేని వ్యక్తి చేతులకు కట్టే ఏర్పాటును సంభాషణ అనడం కుదరదు. ఆ చేతులు మిరప కోసే చేతులు, మగ్గం మీద నాడె విసిరే చేతులు, అన్నం ముద్ద కలిపే చేతులు అన్న సంగతి కూడా తయారీదారుల లెక్కలో ఉన్నట్టు లేదు.

ఇప్పుడు దేవనకొండ శిశువు దగ్గరకు రావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు, అయినా ఒక్కో పల్లెలో వారు ఒకరిద్దరే. పుట్టుబధిరుల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఆ ఇంట్లో ఎవరికీ సంజ్ఞా భాష రాదు కాబట్టి తల్లీబిడ్డా కలిసి తమకు తామే కొన్ని గుర్తులు ఏర్పరచుకుంటారు. వీటిని భాషాశాస్త్రం ఇంటి సైగలంటుంది. అవి ఆ ఇంటి గడప దాటితే ఎవరికీ తెలియవు. ఢిల్లీ నిఘంటువు మీద, చెన్నై వీడియోల మీద చదువుకున్న యంత్రం ఆ సైగల్లో ఒక్కదాన్నీ గుర్తించలేదు. అంటే బడికి దూరమైన ఏ బధిరుల పేరు చెప్పి ఈ యంత్రాన్ని పొగుడుతున్నారో, సరిగ్గా వారికే అది పనికిరాదు.

ఈ ప్రాంతంలో దీనికి సుగ్గి తోడవుతుంది. వానలు నమ్మలేని ఈ పల్లెల నుంచి కుటుంబాలు ఏటా గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరు కట్టడపు పనులకు తరలిపోతాయి. ఈ వలసనే స్థానికులు సుగ్గికి పోవడమంటారు. తల్లిదండ్రులతో పోయిన బిడ్డకు బడి తప్పుతుంది. అవ్వ దగ్గర మిగిలిన బధిర శిశువుకు ఆ ఇంటి సైగలు తెలిసిన ఒక్క మనిషీ నెలల తరబడి దూరమవుతుంది. పిల్లలకు భాష పట్టుబడేది మొదటి ఐదారేళ్లలో. ఆ ఏళ్లు ఏ భాషా లేకుండా గడిచిపోతే తరువాత పూడ్చడం అతి కష్టం, అది ఆలోచనా శక్తి మీద, చదువు మీద, బతుకు మీద పడే దెబ్బ. భాషే అందని బిడ్డ చేతికి భాషను మార్చే తొడుగు వేస్తే అందులో మార్చడానికి ఏముంటుంది?

ఆ బిడ్డకు కావలసినదేమిటో నికరాగ్వా దేశం నిరూపించింది. 1970ల చివర, 1980ల మొదట్లో మనాగ్వా నగరంలో బధిర పిల్లల కోసం బడులు తెరిచారు. ఉపాధ్యాయులు పెదవుల కదలిక చదవడం, స్పానిష్ పలకడం నేర్పడానికే ప్రయత్నించారు. పిల్లలు మాత్రం ఆటస్థలంలో, బస్సుల్లో తమ తమ ఇంటి సైగలను కలుపుకొని ఒక భాషకు నారు పోశారు, వారి తరువాత వచ్చిన చిన్నపిల్లలు దానికి వ్యాకరణం కల్పించారు. అదే నేటి నికరాగ్వా సంజ్ఞా భాష. ఆ భాషను పుట్టించింది ఏ పరికరమూ కాదు. ఒక బధిర బిడ్డకు మరో బధిర బిడ్డ దొరికింది, అంతే.

బధిరుల ప్రశ్న పరికరపు ప్రశ్న కాదని, భాషా ప్రశ్న అని ఈ నేలకు వేరే ఎవరో నేర్పనక్కర లేదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాను భాష ప్రాతిపదికన విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో కలిపారు. మిగిలిన భాగం మైసూరులో చేరింది. బడి, కచేరీ, కోర్టు తమ భాషలో ఉండాలన్న కోరిక జిల్లా సరిహద్దులను చెరిపి తిరగరాసేంత న్యాయమైనదని అప్పుడు ప్రభుత్వమే ఒప్పుకున్నది. తమ తెలుగును అవతలివారికి అర్థమయ్యేలా మార్చే ఏర్పాటు ఒకటి చేస్తే చాలు, బడులు, కచేరీలు అక్కరలేదని ఏ తెలుగువాడూ సర్దుకోలేదు. అదే ఆదోనిలో బధిరుడు తన భాషలో బడి కావాలంటే తొడుగు తీసుకొమ్మని చెప్పడం ఆ చరిత్రకు తగదు.

నోటి మాటే అసలు భాష అనే పక్షపాతం చాలా పాతది. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో సమావేశమైన బధిర విద్యా మహాసభ, బడుల్లో సంజ్ఞలను నిషేధించి నోటి మాటనే నేర్పాలని తీర్మానించింది. ఆ తీర్మానం ప్రభావంతో అనేక దేశాల్లో బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు, సైగ చేసిన పిల్లల చేతులపై దెబ్బలు పడ్డాయి. 130 ఏళ్ల తరువాత, 2010లో వాంకూవర్ మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం ప్రకటించింది. తొడుగు తయారుచేసే విద్యార్థికి మిలాన్ పేరు తెలియకపోవచ్చు, అతని ఉద్దేశం మంచిదే కావచ్చు. సంజ్ఞ శబ్దంగా మారితేనే విలువ అనే భావన మాత్రం ఆ మహాసభదే.

సమర్థకుల చివరి వాదం ఆచరణకు సంబంధించినది: పల్లెల్లో దుబాసీలు లేరు, వచ్చే ఆశ కూడా లేదు, అసలేమీ లేనిదానికన్నా ఏదో ఒకటి మేలు కదా, పైగా కృత్రిమ మేధ రోజురోజుకూ మెరుగుపడుతున్నది కదా అని. ఈ వాదంలో సగం నిజమున్నది కాబట్టే ఇది ఎక్కువ నష్టం చేస్తుంది. యంత్రాలు మెరుగుపడతాయనడంలో సందేహం లేదు. కానీ దుబాసీ లేడన్నది ప్రకృతి సిద్ధమైన కొరత కాదు, నియమించకపోవడం వల్ల వచ్చిన కొరత; యంత్రం వస్తున్నదన్న మాట ఆ నియామకాన్ని వాయిదా వేయడానికి అధికారులకు దొరికే తేలిక సాకు అవుతుంది. ఇదే భయంతో ప్రపంచ బధిరుల సమాఖ్య, సంజ్ఞా భాషా అనువాదకుల ప్రపంచ సంఘం 2018లో ఉమ్మడి ప్రకటన చేశాయి. మాటను సంజ్ఞలుగా మార్చి చూపే కంప్యూటరు బొమ్మలను ముందుగా సిద్ధం చేసుకున్న, మార్పులేని సమాచారానికే పరిమితం చేయాలని, మనిషి అనువాదకుడి స్థానంలో పెట్టరాదని ఆ సంస్థలు కోరాయి.

చట్టం ఈ విషయంలో సమాజం కన్నా స్పష్టంగా ఉన్నది. మాట్లాడలేని సాక్షి బహిరంగ కోర్టులో రాసి గానీ సంజ్ఞల ద్వారా గానీ చెప్పినది మౌఖిక సాక్ష్యమే అవుతుందని 1872 నాటి సాక్ష్య చట్టం 119వ సెక్షనులోనే ఉన్నది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ దానిని కొనసాగిస్తూ, అటువంటి సాక్షి వాంగ్మూలం నమోదుకు కోర్టు దుబాసీ లేదా ప్రత్యేక విద్యా బోధకుడి సాయం తీసుకోవాలని, వీడియో తీయాలని నిర్దేశిస్తున్నది. అంటే చట్టం దృష్టిలో సైగ ఇప్పటికే మాట; దానిని మాటగా మార్చే యంత్రం కోసం ఎదురుచూడనక్కర లేదు. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టులో సంజ్ఞా భాషా దుబాసీ సాయంతో హాజరయ్యారు. ఆమె వాదన న్యాయమూర్తులకు చేరింది, న్యాయమూర్తుల మాట ఆమెకు చేరింది, దుబాసీకి అనుమానం వస్తే ఆగి అడిగే వీలున్నది. అత్యాచార బాధితురాలి వాంగ్మూలమో, భూమి తగాదాలో సాక్ష్యమో తొడుగు తప్పు పలికితే ఆ తప్పుకు బాధ్యుడెవరో ఇంతవరకు ఏ తయారీదారూ చెప్పలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ సంజ్ఞా భాష వచ్చిన ఉపాధ్యాయులను, వారిలో వికలాంగులైన ఉపాధ్యాయులను కూడా, శిక్షణ ఇచ్చి నియమించాలని ప్రభుత్వాలను ఆదేశిస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాలు ఈ పనికి సిద్ధంగా ఉన్న చోటు. చూపు, వినికిడి, బుద్ధిమాంద్యం, కండరాల బలహీనత, ఇలా అన్ని రకాల పిల్లలనూ ఒకరిద్దరు బోధకులే చూసుకునే ఆ కేంద్రాల్లో సంజ్ఞా భాషే మాతృభాషగా ఉన్న ఒక బధిర ఉపాధ్యాయుడు చేరితే, దేవనకొండ బిడ్డకు జీవితంలో మొదటిసారి తన భాష మాట్లాడే పెద్దమనిషి ఎదురవుతాడు. అతని దగ్గరే ఆ బిడ్డ తల్లి కూడా నేర్చుకుంటుంది. 2024 జులై నుంచి రాష్ట్రం దివ్యాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలు చేసింది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం చేతిలో ఉన్న బధిరుడికి ఆ డబ్బు పెద్ద ఆసరా, కాదనలేనిది. అయితే పింఛను కడుపు నింపుతుంది గానీ భాషను నేర్పదు, భాష నేర్పే బాధ్యత బడిదే.

సాంకేతికత మీద ఇది యుద్ధం కాదు. సెల్‌ఫోన్ వీడియో కాల్ వచ్చిన నాటి నుంచి బధిరులు దానిని ఎవరూ చెప్పకుండానే సొంతం చేసుకున్నారు. ఆదోనిలో ఉన్నవారు హైదరాబాదులో ఉన్న స్నేహితులతో గంటల తరబడి తమ భాషలో మాట్లాడుకునే వీలు దానితోనే కలిగింది. చేతులకు ఏమీ తొడగకుండా, ముఖాన్ని, చోటును, కదలికను ఉన్నవి ఉన్నట్టు అవతలికి చేర్చింది కాబట్టే అది పనికొచ్చింది. అదే వీడియో కాల్ మీద దూరాన ఉన్న దుబాసీని ఆసుపత్రి గదిలోకి, పోలీసు స్టేషనులోకి తీసుకురావచ్చు. మాట్లాడిన తెలుగును తెర మీద అక్షరాలుగా చూపే సాఫ్ట్‌వేర్ చదువు వచ్చిన బధిరులకు ఎదుటివారి మాటను అందిస్తుంది, తొడుగు వదిలేసిన దిక్కున సాగే పని అది. కర్నూలు, అనంతపురం కళాశాలల విద్యార్థుల తెలివితేటలు వెచ్చించవలసినది ఇటువైపు, అదీ బధిరులను మొదటి రోజు నుంచి బృందంలో కూర్చోబెట్టుకొని, జీతమిచ్చి, వారి మాట చెల్లనిచ్చి.

ఆదోని ప్రభుత్వ ఆసుపత్రికి ఒక దుబాసీ, అక్కడి కోర్టులకు ఒక దుబాసీ, దేవనకొండ భవిత కేంద్రానికి ఒక బధిర ఉపాధ్యాయుడు: జిల్లా యంత్రాంగాన్ని అడగవలసినవి ఈ మూడు నియామకాలు. ఈ ఏడాది మళ్లీ తొడుగు ప్రాజెక్టు ఎంచుకోబోయే విద్యార్థులను అడగవలసినది ఇంకా చిన్నది, సెన్సర్లు కొనే ముందు ఆ భాషను కొంతైనా నేర్చుకోమని. 2021 నుంచి జాతీయ సార్వత్రిక విద్యాపీఠం పదో తరగతి స్థాయిలో భారతీయ సంజ్ఞా భాషను ఒక భాషా పాఠ్యాంశంగా బోధిస్తున్నది. పదివేల పదాల నిఘంటువు వీడియోలు యూట్యూబులో ఉచితంగా ఉన్నాయి.